మోరికి దారి వదిలిన డప్పు

నాలుగు చితుకులు, గుప్పెడు ఎండుగడ్డి. డప్పు వాయించే మనిషికి ముందుగా కావలసినవి ఇవి. గడ్డి అంటించి, తోలు వైపు మంటకు తిప్పి, డప్పును అటూ ఇటూ ఆడిస్తాడు. మధ్యమధ్య వేళ్లతో తట్టి చెవి ఒగ్గుతాడు. మొదట దబ్బుమన్న మోత కాసేపటికి టంగుమంటుంది. అప్పుడు లేచి మెడలో వేసుకుంటాడు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, శీతాకాలంలో పొద్దెక్కినా మంచు వదలని పాడేరు కొండల్లో ఈ కాపు మైదానంలో కన్నా ఎక్కువసార్లు కావాలి.

తోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్నకొద్దీ సాగుతుంది, బరువెక్కుతుంది. మంట తగిలితే తేమ పోయి ముడుచుకోబోతుంది. చుట్టూ ఉన్న చట్రం ముడుచుకోనివ్వదు కనక బిగువు పెరుగుతుంది. బిగువు రెట్టింపయితే మోత స్థాయి రెట్టింపు కాదు. రెండుకు వర్గమూలం ఎంతో అంత, అంటే 1.41 రెట్లు పెరుగుతుంది. హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే అది ఆరు అర మెట్ల దూరం. ఈ సూత్రాన్ని ఏ బడిలోనూ చదవని మనిషి దాన్ని వేళ్ల కొసలతో కొలుస్తున్నాడు. ప్లాస్టిక్ పొర బిగించిన కొత్త డప్పులకు ఈ పని లేదు. వాటితో వాన రోజున కూడా వాయించవచ్చు. కానీ మంట దగ్గర కూర్చుని మోతను తనకు కావలసిన చోటికి తెచ్చుకునే వీలు వాటికి లేదు.

ఈ అధ్యాయం చిన్న వాద్యమేళానికి కొత్త బాణీ కట్టడం గురించి. ఈ పని మీద లోకంలో బాగా ఆలోచించినవాళ్లు జాజ్ సంగీతకారులు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతి వాద్యకారుల చేతుల్లో రూపుకట్టిన సంగీతం జాజ్. ముగ్గురో, నలుగురో, అయిదుగురో ఉండే జాజ్ మేళానికి కొత్త తునక కట్టేవాడు కాగితం మీద పెట్టేది కొంచెమే. ఒక చిన్న బాణీ, దాని కింద నడిచే స్వరసంగతుల (ఒకేసారి పలికే స్వరాల కలయికల) వరస, ఎన్ని ఆవర్తాలకు తిరిగి మొదటికి రావాలన్న లెక్క, అంతే. మిగిలినదంతా వాయించేవాళ్ల మనోధర్మం. కట్టేవాడి ప్రతిభ రాసినదాని కన్నా వదిలినదానిలో ఎక్కువ కనిపిస్తుంది. ఎవరికి ఎంత చోటు వదలాలో తేల్చడమే ఈ విద్యలో అసలు సంగతి. ఆ లెక్క మన్యం మేళానికి కూడా బాగా తెలుసునని, దాన్ని ‘జానపదం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టి మనం పెద్ద పొరపాటు చేస్తున్నామని నేను నమ్ముతున్నాను.

అరకు, పాడేరు ప్రాంతాల్లో థింసా ఆటకు వాయించే మేళంలో సన్నాయి లాంటి మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడు కొమ్ములు ఉంటాయి. బగత, వాల్మీకి, కొండదొర, పొర్జా, గదబ, కోందు వంటి తెగలవాళ్లంతా ఆడే ఆట ఇది. చైత్రమాసపు ఇటుకల పండుగకీ, పెళ్లిళ్లకీ ఆడతారు. ఒకరి నడుం వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, గొలుసులా కదిలే ఆడవాళ్ల వరసను చాలామంది చూసే ఉంటారు. పక్కన వాయించేవాళ్లను చూసినవాళ్లు తక్కువ. ఆ నలుగురైదుగురిలో రాగం పలికేది మోరి ఒక్కటే. తక్కినవి మోతకూ పిలుపుకూ. కొమ్ముకు సన్నాయిలా బెజ్జాలు ఉండవు. బెజ్జాలు లేని గొట్టం తన సహజ స్వరశ్రేణిలోని కొన్ని మెట్లే పలుకుతుంది, మధ్య మెట్లు దానికి అందవు. అందుకని అది బాణీ జోలికి పోకుండా బాణీకి పిలుపు పలుకుతుంది.

డప్పు దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే కీలకం అక్కడే ఉంది. ఈ కథలో విశాఖపట్నంలో పెరిగిన ఒక కుర్రవాడు వస్తాడు. అతని తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో భౌతికశాస్త్రం, గణితం చెప్పేవారు. కుర్రవాడు విశాఖలోనే బడి చదువు ముగించి మద్రాసు వెళ్లాడు. ఆయనే సి.వి. రామన్. కాంతి పరిక్షేపణకు 1930లో నోబెల్ బహుమతి వచ్చిందని అందరికీ తెలుసు. దానికి పదేళ్ల ముందు, 1920లో, శివకాళి కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో ఆయన రాసిన చిన్న వ్యాసం మన మద్దెలల గురించి. గుండ్రని చట్రానికి సమంగా బిగించిన మామూలు పొరను కొడితే అది ఒక్క స్వరం పలకదు. అడుగు స్వరాన్ని 1 అనుకుంటే దానిపైన 1.59, 2.14, 2.30, 2.65, 2.92 రెట్లు ఉన్న స్వరాలు ఒకేసారి లేస్తాయి. వీటికీ పూర్ణ సంఖ్యలకూ పొంతన లేదు కనక చెవి వాటిని మోతగా వింటుంది తప్ప ఫలానా స్వరం అని గుర్తుపట్టదు. మృదంగానికీ తబలాకూ మధ్యలో నల్లటి కరణి వేస్తారు. ఆ బరువు వల్ల పై స్వరాలు 2, 3, 4, 5 రెట్ల దగ్గరికి వచ్చి కుదురుకుంటాయని రామన్ చూపించాడు. అందుకే మృదంగం శ్రుతిలో పలుకుతుంది. అందుకే కచేరీకి ముందు విద్వాంసుడు రాయీ పుల్లా పట్టుకుని గాయకుడి షడ్జానికి దాన్ని సరిచేస్తూ కూర్చోవాలి.

డప్పుకు కరణి లేదు. శ్రుతి లేకపోవడం లోటని కచేరీ చెవి అనుకుంటుంది. మేళం కట్టే చెవితో వినండి. ఏ శ్రుతికీ కట్టుబడని డప్పు ఏ మోరితోనైనా వాయించగలదు. రెండు ఊళ్ల మోరులకు ఒకే శ్రుతి ఉండనక్కర్లేదు. చేత్తో చేసిన గొట్టం, చేత్తో పెట్టిన బెజ్జాలు, దేని స్వరం దానిది. మోరి ఊదే మనిషి మారినా, మోరే మారినా డప్పుకు ఇబ్బంది లేదు. స్వరలోకాన్నంతా మోరికి వదిలేసి, కాలాన్ని తన చేతిలో పెట్టుకుంది డప్పు. మధ్యలో కొడితే లోతైన మోత వచ్చి చప్పున ఆగుతుంది. అంచున కొడితే పై స్వరాలు ఎక్కువగా లేచి గలగలమంటుంది. ఈ రెంటితోనే అది బరువైన దెబ్బకూ తేలిక దెబ్బకూ తేడా చూపుతుంది. గిన్నె ఆకారపు తుడుములోనైతే లోపల చిక్కిన గాలి కూడా తోలుతో పాటు ఊగుతుంది. దాని వల్ల మోతకు కాస్త గుండ్రదనం వస్తుంది. పైన గలగల, కింద గుమ్ము, నడుమ మోరికి ఖాళీ.

ఇదే ఖాళీని 1952లో లాస్ ఏంజెలెస్‌లో జెరీ మల్లిగన్ కావాలని సృష్టించాడు. బారిటోన్ సాక్సఫోన్ ఆయన ఊదితే, ట్రంపెట్ చెట్ బేకర్, పక్కన డబుల్ బాస్, డ్రమ్ములు. ఆ రోజుల్లో జాజ్ మేళంలో పియానో లేకపోతే కుదరదనేవారు, స్వరసంగతులు మోసేది అదే కనక. మల్లిగన్ పియానో తీసేశాడు. రెండు ఊదుడు వాద్యాలు, ఒక బాస్, ఈ మూడు గీతలు ఒకదాని పక్కన ఒకటి నడుస్తుంటే స్వరసంగతి ఏమిటో విన్నవాళ్ల మెదడు తానే పూరించుకుంది. 1959లో సాక్సఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ చతుష్టయం కూడా పియానో లేకుండానే వాయించి, ముందే నిర్ణయించిన స్వరసంగతుల వరసను కూడా వదిలేసింది. థింసా మేళం తరతరాలుగా ఉన్నచోటికి వాళ్లు ఇంకో దారిన వచ్చారు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నారని కాదు నా ఉద్దేశం. ఆరుబయట, ఒక్క రాగవాద్యంతో, అడుగులు వేసేవాళ్ల కోసం వాయించేవాళ్లూ, చీకటి క్లబ్బులో కూర్చున్నవాళ్ల కోసం వాయించేవాళ్లూ ఒకే చిక్కుముడికి ఒకే తీరు విప్పుడు కనిపెట్టారు.

ఖాళీ వదలడానికి అందరికీ తెలిసిన ఉదాహరణ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌ది. 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న న్యూయార్క్‌లో ఆయన మేళం రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బంకు వాద్యకారుల చేతికిచ్చింది క్లుప్తమైన సూచనలే. అందులోని మొదటి తునక ‘సో వాట్’ కట్టుబడి మన పాఠకుడికి రెండు మాటల్లో చెప్పవచ్చు. మనం ఖరహరప్రియ అనే స్వరవరసే దాని ఆధారం. దాన్ని 16 ఆవర్తాలు వాయించాలి, షడ్జాన్ని అర మెట్టు పైకి జరిపి 8 ఆవర్తాలు, తిరిగి కిందికి వచ్చి 8. మొత్తం 32. రాగం మారదు, నిలుచున్న నేల మారుతుంది. ఇంత తక్కువ కట్టుబడి మీద సాక్సఫోన్ ఊదే జాన్ కోల్ట్రేన్ లాంటి వాళ్లు ఎంతెంత దూరం వెళ్లి వచ్చారో వింటే, గిరి చిన్నదైనకొద్దీ ఆట పెద్దదవుతుందని తెలుస్తుంది.

కోల్ట్రేన్ పేరు వచ్చింది కనక మోరి దగ్గరికి పోదాం. ఆయన 1960 నుంచి సొప్రానో సాక్సఫోన్ పట్టుకున్నాడు. 1961లో ‘ఇండియా’ అనే తునక వాయించాడు. కొడుక్కి రవి అని, రవిశంకర్ పేరే పెట్టుకున్నాడు. సొప్రానో సాక్సఫోన్ ఇత్తడిది, ఒకే రేకు ఉన్న పీకది. మోరికి సన్నాయిలాగే రెండు రేకుల పీక. అయినా రెంటికీ ఒక బంధుత్వం ఉంది. రెంటి గొట్టమూ పీక దగ్గర సన్నగా మొదలై పోనుపోను విచ్చుకుంటుంది. ఇలాంటి గొట్టంలో గాలి గట్టిగా ఊదితే స్వరం సరిగ్గా పై స్థాయికి, రెట్టింపుకు ఎగురుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే లావున్న క్లారినెట్ గొట్టంలో అయితే మూడు రెట్లకు ఎగురుతుంది. ఈ తేడా బాణీ కట్టేవాడికి చాలా ముఖ్యం. మోరి మీద కింది స్థాయిలో వేళ్లు వేసిన వరసే పై స్థాయిలోనూ పనికొస్తుంది. ఒక పలుకును కింద పలికి వెంటనే పైన పలకడం దానికి సహజం. మోరి బాణీల్లో ఆ ఎగురుడు వినబడితే అది అలంకారమని అనుకోకండి. గొట్టం ఆకారమే అలా పలికిస్తుంది.

మోరికి చలి కూడా తగులుతుంది. గాలిలో ధ్వని వేగం వేడిని బట్టి మారుతుంది. 10 డిగ్రీల దగ్గర సెకనుకు 337 మీటర్లు, 30 డిగ్రీల దగ్గర 349. గొట్టం పొడవు మారదు కనక స్వరం అదే నిష్పత్తిలో మారుతుంది, హార్మోనియం మీద అర మెట్టులో సగానికి పైచిలుకు. ఊదేవాడి ఊపిరి వెచ్చన గొట్టాన్ని కాస్త కాపాడుతుంది. అందుకే పుష్యమాసపు తెల్లవారుజామున మోరి మొదట కిందికి పలికి, ఊదగా ఊదగా పైకి వస్తుంది. కొండ ఎత్తు వల్ల స్వరం మారుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. 900 మీటర్ల ఎత్తున గాలి ఒత్తిడి సుమారు పదోవంతు తగ్గుతుంది, సాంద్రత కూడా అదే మేరకు తగ్గుతుంది. రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పాడేరు ఘాటు ఎక్కినందుకు మోరి మారదు, ఎక్కాక తగిలే చలికి మారుతుంది.

ఇప్పుడు నిజంగా ఒక తునక కట్టి చూద్దాం. మోరి, డప్పు, తుడుము పాడేరువి. సాక్సఫోన్, డబుల్ బాస్ బయటి నుంచి వస్తాయి. అయిదుగురు. ఆధారానికి ‘పొతర్ తోల’ థింసా తీసుకుందాం, ఆకులు ఏరే కదలికలతో ఆడేది.

మొదటి పని శ్రుతి. సవరించగలిగినదాన్ని సవరించలేనిదానికి కలపాలి. మోరి బెజ్జాలు మారవు, బాస్ తీగ మారుతుంది. కనక బాస్ మోరి ఆధార స్వరానికి దిగిరావాలి. పియానో మెట్లకు మోరిని సరిచేయాలని చూడటం నా దృష్టిలో అన్యాయం, ఆపైన అనవసరం. సాక్సఫోన్‌తో మాత్రం చిక్కు ఉంది. మోరి సెకనుకు 440 కంపనాల స్వరం పలుకుతుంటే సాక్సఫోన్ 444 పలికిందనుకోండి. రెండూ కలిసి సెకనుకు నాలుగుసార్లు పొంగుతూ తగ్గుతూ వినిపిస్తాయి. దీన్ని విస్పందనం అంటారు. ఒకే బాణీని రెంటిచేతా ఒకేసారి పలికిస్తే తునకంతా ఈ వణుకే. అందుకని వాటికి బాణీని పంచాలి. మోరి ఒక పలుకు పలికి ఆగుతుంది, సాక్సఫోన్ దానికి బదులు చెబుతుంది. ఒక్కచోట, తునక మంచి ఊపు మీదున్నప్పుడు, రెండూ ఒకే స్వరం మీద కలుసుకుని ఆ వణుకును పూర్తిగా వినిపిస్తాయి. అది ఒక్కసారే ఉండాలి. రెండోసారి వినిపిస్తే తప్పులా ఉంటుంది.

రెండో పని నడక. ఇక్కడ అమెరికన్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ నుంచి ఒక ధైర్యం నేర్చుకోవచ్చు. 1958లో ఆయన మేళం టర్కీ, భారతదేశం సహా చాలా దేశాలు తిరిగింది. ఇస్తాంబుల్ వీధి వాద్యకారులు తొమ్మిది మాత్రల నడకను మూడు మూళ్లుగా కాకుండా తక-తక-తక-తకిట అని, అంటే 2, 2, 2, 3గా విరిచి వాయించడం విన్నాడు. మరుసటేడు వచ్చిన ‘బ్లూ రోండో ఆ లా టర్క్’ ప్రధాన బాణీ ఆ నడక మీదే కట్టింది. విన్నదాన్ని అలవాటైన నాలుగు మాత్రల్లోకి ఇరికించలేదు. మనమూ థింసా అడుగును ఉన్నదున్నట్టు తీసుకోవాలి. ఏ దెబ్బకు కాలు నేల తాకుతోంది, ఏ దెబ్బకు నడుం వంగుతోంది అన్నది డప్పు మనిషినీ, ఆడే ఆడవాళ్లనూ అడిగి రాసుకోవాలి. కాలి అందెలు కూడా ఆరో వాద్యమే.

మూడో పని మలుపు. జాజ్‌లో ఒకరి కల్పన ముగిసి ఇంకొకరికి చోటివ్వాలంటే డ్రమ్ములవాడు ఒక విసురు విసురుతాడు, లేదా నాయకుడు తల ఊపుతాడు. థింసాలో మలుపు తప్పితే ఇరవై మంది కాళ్లు తడబడతాయి, చేతులు పెనవేసుకుని ఉన్నారు కనక. కాబట్టి మన తునకలో మలుపు చెప్పే అధికారం తుడుముది. సాక్సఫోన్ ఎంత మంచి కల్పనలో ఉన్నా తుడుము పిలిస్తే ముగించి రావలసిందే. కల్పన ఎన్ని ఆవర్తాలో ముందుగా రాయం. ఆడేవాళ్ల ఊపును చూసి తుడుము మనిషి తేలుస్తాడు.

నాలుగోది ఎక్కడ నిలబడాలన్నది. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. పది మీటర్ల దూరం దాటడానికి ధ్వనికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చాఫ్ బృందం ఇద్దరిద్దరిని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి చప్పట్లు ఇంకొకరికి కావాలని ఆలస్యంగా వినిపించి చూసింది. ఆలస్యం మరీ తక్కువైతే ఇద్దరూ వేగం పెంచుకుంటూ పోయారు, ఎక్కువైతే నెమ్మదించారు. వేగం నిలకడగా ఉన్నది పది, ఇరవై మిల్లీసెకన్ల నడుమ. అంటే మూడున్నర మీటర్ల నుంచి ఏడు మీటర్ల దూరం. మేళం పెద్ద వేదిక మీద పొడుగ్గా పరుచుకుని నిలబడితే లయ జారడానికి ఇదొక కారణం. వాద్యకారులు దగ్గరగా, ఆటవాళ్ల వలయానికి నడుమ నిలబడితే మోత అందరికీ ఇంచుమించు ఒకే క్షణాన అందుతుంది. కొత్త తునకను వలయం నడుమ వాయించాలని నా పట్టు.

అంత పకడ్బందీగా ఏర్పాటు చేశాక వాయించేవాడి తలలో ఏం జరుగుతుంది? 2008లో చార్లెస్ లిమ్, అలెన్ బ్రౌన్ ఆరుగురు జాజ్ పియానిస్టులను ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, చిన్న కీబోర్డు చేతికిచ్చి వాయించమన్నారు. నేర్చుకున్న పాఠం వాయించేటప్పుడు, అప్పటికప్పుడు కల్పన చేసేటప్పుడు మెదడు చిత్రాలను పోల్చి చూశారు. కల్పన చేస్తున్నప్పుడు, మనల్ని మనం అనుక్షణం కనిపెట్టుకుంటూ సరిదిద్దుకునే ముందుమెదడు పక్కభాగాలు నెమ్మదించాయి. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు పనిచేసే మధ్యభాగం చురుకైంది. ఆరుగురి మీద చేసిన ప్రయోగం కనక దీన్ని మరీ సాగదీయకూడదు. మోరి ఊదేవాడి మెదడును ఎవరూ ఇలా చూడలేదు. అయినా బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీలుస్తూ, ఊపిరి తెగకుండా కొత్త పలుకు అల్లుకుపోయే మనిషి ముఖం చూసినవాళ్లకు ఈ ఫలితం కొత్తగా ఏమీ అనిపించదు.

మన తెలుగువాళ్లు మన సంగీతం, జాజ్ అనే ఈ రెండు లోకాల మధ్య నడవగలరనడానికి పెద్ద రుజువు ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ పద్నాలుగేళ్ల వయసులో, 1983లో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండలిన్ వాయించాడు. తరవాత గిటారిస్టు జాన్ మెక్లాఫ్లిన్, తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్, తాళవాద్యకారుడు సెల్వగణేశ్‌లతో ‘రిమెంబర్ శక్తి’ మేళంలో వాయించాడు. వాళ్ల ‘ది బిలీవర్’ ఆల్బంలో ‘మాయ’ అనే తునక ఆయన కట్టినదే. గిటారు, మాండలిన్, తాళవాద్యకారులు ఇద్దరు, అంతే మేళం. జంట తీగల మాండలిన్‌ను విడి తీగలకు మార్చుకుని, విద్యుత్తుతో స్వరాన్ని నిలిపి, గమకానికి వీలుచేసుకున్నాడు. వాద్యం స్వభావాన్ని ముందు పట్టుకుని తరవాత బాణీ కట్టినవాడాయన. 2014 సెప్టెంబర్ 19న, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు.

పాడేరు మేళానికి అలాంటి పేరు రాలేదు. దానికి ఒక కారణం మన రాతలో ఉంది. థింసా ఫొటో కింద ‘గిరిజన నృత్యం’ అని వేస్తాం, రికార్డు మీద ‘సంప్రదాయ బాణీ’ అని వేస్తాం. మోరి ఊదిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఆ బాణీలో పాతదెంత, ఆ పూట అతను కల్పించినదెంత అని ఎవరూ అడగరు. స్వరాలు కాగితం మీద రాస్తేనే రచయిత అనుకోవడం ఇందుకు మూలం. మన చట్టం అలా అనుకోదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ సంగీతకర్తను నిర్వచిస్తూ, సంగీతాన్ని కూర్చిన మనిషే సంగీతకర్త అనీ, దాన్ని లిపిలో రాశాడా లేదా అన్నదానితో పని లేదనీ స్పష్టంగా చెప్పింది. పాడేరు వెళ్లి ఆ మేళాన్ని రికార్డు చేసేవాళ్లకూ, దానితో కలిసి కొత్త తునకలు కట్టాలనుకునే వాద్యకారులకూ నా విన్నపం ఇదే. ఒక్కో వాద్యానికి విడిగా మైకు పెట్టండి. ఆట వేగాన్ని మీ కోసం తగ్గించమని అడగకండి. మోరి, డప్పు, తుడుము, కిరిడి, కొమ్ములు వాయించినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేర్లు సంగీతకర్తలుగా రాయండి, వచ్చిన సొమ్ములో వాళ్ల వంతు వాళ్లకు ఇవ్వండి.